నాలుగో కాలు

నాన్న ఎడమ మడమ పక్కనుంచి ఒక గిట్ట బయటికి కనిపిస్తోంది. గోధుమరంగు గిట్ట, దాని మీద వెలుగు పడ్డట్టు సన్నటి తెల్ల గీత. మిగతా గుర్రమంతా ఆయన పాదం కిందా, పక్కనున్న చిత్తుకాగితాల కిందా ఉంది. ఆ కాగితాలు పరిచింది నేనే. రంగు కారితే గచ్చు పాడవుతుంది, ఏమైనా పరుచు అని అన్నయ్య అంటే, గదిలో మూలనున్న చెత్తబుట్ట బోర్లించి, చేతికొచ్చినవన్నీ తెచ్చి తలుపు ముందు పరిచేశాను. నేను చూడకుండా చేసే పనులు చాలా తక్కువ. మాట్లాడని మనిషికి చూడటం తప్ప వేరే పనేముంటుంది. అయినా ఇది చూడలేదు. ఇప్పుడు రంగుడబ్బా రెండు చేతులా పట్టుకుని నాన్న పక్కన నిలబడ్డాను. ఆయన కుంచె ముంచడానికి ఇటు తిరిగినప్పుడల్లా ఆ పాదం కదలకుండా ఉంటే బాగుండునని, ఆయన కిందికి చూడకుండా ఉంటే బాగుండునని అనుకుంటున్నాను. ఆ గుర్రం ఆయన వేసిందే. ఆ సంగతి ఈ మేడ మీద ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. నిన్నటినుంచి అదొక్కటే దిగులు.

నాన్నది బోర్డులు రాసే పని. మందుల షాపులు, బడి గోడలు, లారీల వెనక పలకలు. ఫ్లెక్సీలొచ్చాక సగం పని పోయింది, నిచ్చెన మీదనుంచి పడి తుంటి విరిగాక మిగతా సగం పోయింది. ఇప్పుడు ఈ తలుపు. అన్నయ్యా, అతని స్నేహితులిద్దరూ కలిసి జెరాక్స్ షాపు పైన ఈ ఒక్క గది అద్దెకు తీసుకుని ఫోన్లో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. నిన్న ఆ కంపెనీకి ఒక గుర్తు ఎంచుకున్నారు. దాన్ని తలుపు మీద వేయాలి. స్టిక్కరయితే పది నిమిషాల్లో అయిపోతుంది. స్టిక్కరెందుకురా, మా నాన్న ఉన్నాడుగా అన్నాడు అన్నయ్య. ప్రేమగానే అన్నాడు, అది మరీ ఘోరం. నాన్న గడ్డం గీసుకుని, రంగు మరకలు లేని చొక్కా వేసుకుని వచ్చాడు. సుద్ద పూసిన దారం తలుపుకి అడ్డంగా లాగి పట్టుకుని టప్పుమని కొట్టి గీత పడేశాడు. దారం రెండో కొస పట్టుకున్నది నేను. నాకు ఊహ తెలిసినప్పటినుంచి రెండో కొస నాదే. గళ్లు గీశాడు. చివర గుడ్డ చుట్టిన కర్రని తలుపుకి ఆనించి, దాని మీద మణికట్టు ఆనించి, నా గుర్రాన్ని అరచేయంత కాగితం మీదనుంచి మనిషెత్తు తలుపు మీదికి ఎక్కిస్తున్నాడు. అవును, గెలిచింది నాదే. అది ముందే చెప్పాల్సిన మాట. చెప్పబుద్ధి కాలేదు.

నా గుర్రానికి కన్ను లేదు, జూలు లేదు, ఒంటినిండా ఒకే నలుపు. మూడు కాళ్లు. కంపెనీ పేరే మూడుకాళ్ల గుర్రం. ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో అన్నయ్య ఎవరొచ్చినా చెబుతాడు, చెప్పినప్పుడల్లా నవ్విస్తాడు. అన్నయ్యకి ఆరేళ్లప్పుడు నాన్న బోర్డుకి కోసిన చెక్కలో మిగిలిన ముక్కతో ఒక గుర్రం చేసిచ్చాడు. అదే వారం నాన్న మూడు రోజులు కూర్చుని రాసిన ఆసుపత్రి బోర్డు ఆరకముందే అన్నయ్య దాని మీద అరచేతులు అద్దాడు, పది వేళ్లూ, వరసగా, అందంగా ఉంటుందని. నాన్న ఆ గుర్రాన్ని తీసి గోడకేసి కొట్టాడు. ముందు ఎడమకాలు విరిగి మంచం కిందికి పోయింది. అన్నయ్య ఏడవలేదట. మర్నాటినుంచి గుర్రాన్ని మూడు కాళ్ల మీదే ఊరంతా తిప్పాడట. మా నాన్నే మా మొదటి గేమ్ డిజైనర్రా, చిన్నప్పుడే హార్డ్ మోడ్ పెట్టేశాడు, అంటాడు. కోడు రాసే పొడుగన్నయ్య బల్ల మీద కొట్టి మరీ నవ్వుతాడు. పాటలు చేసే గురకన్నయ్య, ఆఫీసులోనే పడుకుని గురకపెడతాడని ఆ పేరు, నిద్రలోంచి లేచి మరీ నవ్వుతాడు. ఒకసారి నాన్న అన్నయ్యకి అన్నం గిన్నె తెచ్చి ఈ మెట్ల మీద ఉండగా ఆ కథ చెబుతున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. నాన్న మెట్టు మీద ఒక కాలూ కింద ఒక కాలూ ఉంచి కథ అయిపోయేదాకా ఆగాడు. అందరూ నవ్వాక తనూ నవ్వుతూ లోపలికొచ్చి, వేడిగా ఉంది తినరా అన్నాడు.

కుంచె ఇప్పుడు వీపు మీదుంది. మెడ దగ్గర మొదలుపెట్టి తోకదాకా ఒక్క ఊపులో లాగుతాడు, మధ్యలో ఊపిరి తీసుకోడు. నేనూ తీసుకోను, అలవాటు. ఆయన గీత అయ్యాక ఇద్దరం ఒకేసారి ఊపిరి వదులుతాం. నాకు గీత నేర్పింది ఇలాగే. పలక మీద, తర్వాత పాత క్యాలెండర్ల వెనకవైపు, తర్వాత గోడల మీద. గీత వణికితే ఆ కర్రతోనే వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు, గుడ్డ చుట్టని వైపుతో. గట్టిగా ఏమీ కాదు. దెబ్బకంటే దాంతో పాటు వచ్చే మాటే గట్టిది. ఇది చేత్తో గీసింది కాదు, భయంతో గీసింది, అనేవాడు. ఎప్పుడూ అదే వాక్యం, ఒక్క అక్షరం మారదు. ఏడేళ్లప్పుడు కొబ్బరిచెట్టుకి అన్నాడు. పదేళ్లప్పుడు బడివాళ్లు గోడకి అంటిస్తామని అడిగిన నెమలికి అన్నాడు, టీచర్ ముందే. టీచర్ ఆ నెమలిని అంటించింది. బడి వదిలాక నేనే వెళ్లి చింపేశాను. నేను మాట్లాడకపోవడానికి సిగ్గు కారణమని అందరూ అనుకుంటారు. ఏ మాట తీసినా అది నోటితో అన్నది కాదు, భయంతో అన్నది అని ఎవరో అంటారని నాకు అనిపిస్తుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, డైరీలో తప్ప.

నిన్న మధ్యాహ్నం ఏడు కాగితాలు థర్మకోల్ అట్ట మీద గుచ్చారు. కీబోర్డు వచ్చిన అట్టపెట్టెకి చీలిక కోసి నెలరోజులు గుమ్మం దగ్గర పెట్టాడు అన్నయ్య, ఎవరైనా వేయొచ్చు, పేరు మాత్రం రాయొద్దు అని. ఎవరిది గెలిస్తే వాళ్లకి నాలుగో కుర్చీ. గదిలో కుర్చీలు నాలుగున్నాయి, మనుషులు ముగ్గురే. ఆ కుర్చీ మీద సంచులు పెడతారు. సెలవులయ్యాక నేను తిరిగి కాలేజీకి వెళ్లకుండా ఆ కుర్చీలో కూర్చోవచ్చని, ఆట చివర పేర్లు వరసగా పైకి పోయేటప్పుడు అందులో నా పేరు కూడా పైకి పోతుందని, ఆ నెలంతా నేను ఆ సంచుల్నే చూస్తూ గడిపాను. ఎంచుకోవడం వాళ్ల పద్ధతిలో ఎంచుకోవడం కాదు, చంపడం. ఆటలో ప్రాణాలు పోయినట్టే. ఒక్కొక్కరు లేచి ఒక్కో కాగితం పీకి బుట్టలో పడేయాలి, ఎందుకు పీకారో ఒకే ఒక్క వాక్యంలో పైకి చెప్పాలి. చివరికి మిగిలిందే గుర్తు. నచ్చింది అడిగితే అందరూ మర్యాదకి అబద్ధమాడతారు, చంపమంటే నిజం చెబుతారు అంటాడు అన్నయ్య.

ఏడింటిలో అది రెండోది. పేరు లేదు, అవసరం కూడా లేదు. ఏ బొమ్మ వేసినా నాన్న ముందు కుంచె తడి చూసుకోడానికి కింద ఎడమమూల ఒక చుక్క పెడతాడు. బోర్డుల మీద ఆ చుక్కని తర్వాత తుడిచేస్తాడు, కాగితం మీద తుడవడం కుదరదు. చుక్క అక్కడుంది. దాని పైన రెక్కల్లాంటి జూలుతో, పసుపు ఎరుపు కిరణాల మధ్య, నీడలు దిద్దిన అక్షరాల మీద, మంచి మేలుజాతి గుర్రం ఎగురుతోంది. లారీ వెనక ఉండాల్సిన గుర్రం. నాలుగు కాళ్లతో.

"ఎవర్రా బాబూ ఇది, గుర్రాన్ని ఊరేగింపుకి తయారు చేసినట్టున్నారు" అన్నాడు గురకన్నయ్య.

"మన పేరేంటి, దీనికున్న కాళ్లెన్ని" అన్నాడు పొడుగన్నయ్య. "ఎవరో మూడుదాకా లెక్కపెట్టడం కూడా రాని మనిషి."

"ఒకటి స్పేర్ పెట్టాడేమోలే. పంక్చరయితే."

అన్నయ్య కూడా నవ్వాడు. తర్వాత నావైపు తిరిగి, "మొదటి వేటు మా చిన్నదానిది" అన్నాడు.

"సైలెంట్ మోడ్ గారూ, కారణం నోటితో చెప్పాలి. రాసిస్తే చెల్లదు" అన్నాడు పొడుగన్నయ్య.

ముగ్గురూ నావైపు తిరిగారు. నేను వేరే దేన్నయినా పీకవచ్చు. ఐదోది కోడిలా ఉంది, దాన్ని పీకినా ఎవరూ ఏమీ అనరు. భయపడి నాన్నది పీకేశానని, అందరూ దాన్నే చూసి నవ్వుతుంటే చెయ్యి అటే పోయిందని, రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అది నాన్నదని తెలుసు కాబట్టే లేచాను. నడిచి వెళ్లి, గుండుసూది లాగి, కాగితాన్ని పట్టుకుని, ఇటు తిరిగి, నా జీవితంలో మొదటిసారి నలుగురున్న గదిలో గొంతు వణకకుండా అన్నాను. ఇది చేత్తో గీసింది కాదు, భయంతో గీసింది. తర్వాత గురకన్నయ్య ఈల వేశాడు. పొడుగన్నయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, సైలెంట్ మోడ్ తీసేశారురోయ్ అంటూ. నాకు చెవులు వేడెక్కాయి, ఒళ్లంతా తేలికయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కాగితాన్ని ఉండచుట్టకుండా, మడత పెట్టకుండా, అలాగే బుట్టలోకి జార్చాను. ఆ తర్వాత మిగతా ఐదూ చావడం, నాది మిగలడం, అన్నయ్య సంచులన్నీ కింద పడేసి కుర్చీ నావైపు తిప్పడం, అవన్నీ జరిగాయి. అవేవీ ఆ ఒక్క వాక్యమంత బాగా లేవు.

నాన్న కుంచె ఆగింది. వెనక తుంటి దగ్గరికొచ్చాడు. తలుపు పక్కన టేపుతో అంటించిన నా కాగితం వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, మళ్లీ కాగితం వైపు చూశాడు. వాళ్లందరూ మెచ్చుకున్నది ఆ తుంటినే. ఒకవైపు తుంటి లేచి, రెండోవైపు భుజం దిగి, పడబోతూ పడకుండా, పడకపోవడం ఒక నేర్పయినట్టు. నడక ఉందిరా దీంట్లో అన్నాడు గురకన్నయ్య, నిజంగా నడుస్తోంది. నడుస్తుంది మరి. ఆరు నెలలు మా ఇంటి అరుగు మీద కూర్చుని, నాన్న పంపు దగ్గరికి వెళ్లి రావడం చూసి నేర్చుకున్నాను. బిందె ఉన్నప్పుడొక రకం, లేనప్పుడొక రకం. నోట్సులో లెక్కలు వేసే పేజీల వెనక ఆయన తుంటే నలభైసార్లు ఉంది.

"ఈ భుజం ఎక్కడ చూశావే" అన్నాడు నాన్న.

"ఊరికే వచ్చింది."

"ఊరికే రాదు."

అంతే అని కుంచె ముంచాడు. ముంచడానికి బరువు కుడికాలి మీదికి మార్చుకున్నాడు. ఎడమ పాదం పక్కకి జరిగింది, దాంతోపాటు పక్కనున్న కాగితాలూ జరిగాయి. గుర్రం మొత్తం బయటపడింది, కిరణాలతో సహా, మధ్యలో ఆయన చెప్పు ముద్రతో. నా డబ్బాలోంచి నల్లచుక్కలు రెండు దాని మెడ మీద పడ్డాయి. నాన్న చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను, రోడ్డు మీద పడ్డ ఎవరి చెప్పునో చూసినంతసేపు. తర్వాత తలుపు వైపు తిరిగాడు. అప్పుడు నేను చూశాను. నిన్న చేతిలో పట్టుకుని కూడా చూడనిది. ముందు ఎడమకాలు మిగతా మూడింటికంటే ఒక పిసరు లేత రంగులో ఉంది. మోకాలి పైన, కాలు ఒంటిని కలిసేచోట, సన్నగా అడ్డంగా ఒక గీత ఉంది, చెక్కకి చెక్క అతికి మేకు దిగ్గొట్టినప్పుడు ఉండే గీత. గుర్రానికి కాళ్లెన్నో నాన్నకి తెలుసు. కంపెనీ పేరేమిటో తెలుసు. ఇరవయ్యేళ్ల కిందట మంచం కిందికి పోయిన కాలుని వెతికి తెచ్చి, అతికించి, రంగు వేసి, పేరు రాయకుండా, అట్టపెట్టె చీలికలో వేశాడు. అది కొడుకు చూస్తాడని. చూసి ఎవరిదో కనుక్కుంటాడని, లేదా కనుక్కోడని, ఏ ధైర్యంతో వేశాడో. భయంతో గీసిందే. నేను అన్నది నిజమే, అక్షరం పొల్లుపోకుండా నిజం.

"మొదట పోయింది ఇదేనా" అన్నాడు నాన్న, తలుపు వైపే చూస్తూ.

"ఏది?"

"కాలి కింద."

"ఊ."

"ఎవరు తీశారు?"

"పొడుగన్నయ్య."

"ఏమన్నాడు?"

"నాలుగు కాళ్లున్నాయన్నాడు."

"ఉన్నాయిగా మరి" అన్నాడు. కుంచె తుంటి మీదికి వెళ్లింది. అబద్ధం ఇంత తేలికగా నడుస్తుందని తెలిస్తే చిన్నప్పటినుంచే మాట్లాడేదాన్ని. డబ్బా బరువు తగ్గినట్టనిపించింది. పొడుగన్నయ్య మీద పడింది, అతను మోస్తాడు, అతనికేం. నాన్న వెనక్కాళ్లు పూర్తి చేశాడు. ముందుకాలు, ఉన్న ఒక్కటి, పూర్తి చేశాడు. లేని కాలు దగ్గర, కుంచె కొనతో ఛాతీ అంచుని చుట్టి వస్తూ, కొంచెం నెమ్మదించాడు. అక్కడ నా కాగితంలో గీత మొండిగా ఆగిపోతుంది. ఆయన దాన్ని గుండ్రంగా, మానిన గాయంలా తిప్పాడు. బొమ్మ నా బొమ్మకంటే బాగుంది. అది నాకు కోపం తెప్పించింది, ఆ సమయంలో కూడా.

మెట్ల మీద అడుగులు. అన్నయ్య జెరాక్స్ షాపునుంచి ప్రింట్లు తీసుకుని ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కి వచ్చి, తలుపు చూసి ఆగిపోయాడు.

"నాన్నా, అచ్చు మనిషి నడుస్తున్నట్టే ఉందే."

"వేసినవాళ్లు దగ్గర్నుంచి చూసి వేశారు" అన్నాడు నాన్న.

అన్నయ్యకి అది మెచ్చుకోలుగానే వినిపించింది. నా తల మీద చెయ్యేసి కదిపాడు. "అసలు నిన్న నువ్వుండాల్సింది నాన్నా. మొదటి వేటు ఇదే వేసింది. నోరు తెరిచిందా, ఒక్క ముక్క. ఏమందో తెలుసా, ఇది చేత్తో గీసింది కాదు, భయంతో గీసింది. మా వాళ్లకి మతిపోయింది. నాకు మాత్రం నవ్వాగలేదు. అచ్చం నువ్వే. నీ నోట్లోంచి ఊడిపడింది."

నాన్న కుంచె అప్పుడు మెడ అంచు మీద ఉంది. గీత వణకలేదు. చివరిదాకా లాగి, అంచు తేల్చి, ఎత్తాడు. ఈసారి నేను ఆయనతోపాటు ఊపిరి వదల్లేదు, ఎక్కడో తప్పిపోయాను.

"దేన్నిరా అలా అంది?"

"అదుగో, నువ్వు తొక్కిందే" అన్నాడు అన్నయ్య నవ్వి. "ఎవరిదో. పేరు లేదుగా. కింద జెరాక్స్ షాపాయనది అయ్యుంటుందనుకున్నాం, ఆయనకి ఇలాంటి పిచ్చి ఉంది."

"అయ్యుంటుంది" అన్నాడు నాన్న.

"పాపం, నాలుగు కాళ్లు పెట్టాడు."

"బాగా చెప్పింది అమ్మాయి. గీతలో భయం ఉంది."

అన్నయ్య ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ మేడ చివరికి వెళ్లాడు. నాన్న నా చేతిలోంచి డబ్బా తీసుకుని మూత బిగించాడు. నావైపు చూడలేదు, చూడకుండా ఉండటానికి ప్రయత్నించనూ లేదు. కింద వంగడానికి ఆయనకి ఎప్పుడూ పట్టేంత సమయం పట్టింది, ఒక చెయ్యి గోడకి ఆనించి, కుడి మోకాలు ముందు వంచి. నేను వంగి తీసివ్వొచ్చు. నా చేతులు ఖాళీగానే ఉన్నాయి. ఆయన తన గుర్రాన్ని తీసుకుని, రెండుగా మడిచి, దాని మధ్య కుంచె పెట్టి పిండాడు. నలుపు కాగితం అంచుల్లోంచి బయటికొచ్చింది. ఇంకోసారి మడిచాడు, ఇంకోసారి పిండాడు. కుంచె వెంట్రుకలు శుభ్రమయ్యేదాకా. తర్వాత దాన్ని నాకిచ్చాడు.

"బుట్టలో వెయ్యి" అన్నాడు. "గుడ్డకంటే ఇదే నయం, రంగు బాగా పీలుస్తుంది."

కర్ర చంకలో పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. కాగితం నా అరచేతిలో చల్లగా, తడిగా ఉంది. నాన్నా అని పిలవాలనుకున్నాను. పిలిస్తే ఆగుతాడు. ఆగి, గోడ పట్టుకుని, వెనక్కి తిరుగుతాడు. నేను ఏదో ఒకటి అనాలి. ఒక్క వాక్యం చాలు, నిన్న ఒక్క వాక్యమేగా అన్నది. ఎడమకాలు దించాడు, కుడికాలు దాని పక్కకి తెచ్చాడు. ఎడమకాలు, కుడికాలు. మూడో మెట్టు దిగేసరికి నా తప్పు నాకు కనిపించింది. బరువు పడ్డప్పుడు భుజం ఒక్కటే దిగదు, మెడ దాన్ని కాపాడటానికి రెండోవైపుకి ఒరుగుతుంది. నేను మెడ తిన్నగా పెట్టాను. అరుగు మీద కూర్చుని నలభైసార్లు వేసినా ఇది పట్టుకోలేకపోయాను, ఎందుకంటే అక్కడ మెట్లు లేవు. నాలుగో మెట్టు. నల్లరంగు అంటిన నా చూపుడువేలు గోడ మీద, నేను చెప్పకుండానే, ఆ మెడని సరిచేస్తోంది. ఐదో మెట్టు. గొంతులో పిలుపు అలాగే ఉంది. ఇంకొంచెం నెమ్మదిగా దిగితే బాగుండును అనుకున్నాను.